మత్తయి గ్రీకు

కుడిచేతి బొటనవేలితో బేరింగు గుండ్ల మధ్యకి గ్రీజు కూరుతున్నాడు మత్తయి. భట్టిప్రోలులో మొదటి రైలెక్కి తెనాలిలో దిగి, షెడ్డు తాళం తీసి, రోజూలాగే ఈ పని మీద కూర్చున్నాడు. అరవై ఆరేళ్ళ మనిషి. భుజాలు ముందుకు వంగిపోయాయి. ఎడమ మోచేతి మీద ఆవిరి కాల్చిన మచ్చ అరచెయ్యంత ఉంది. గోళ్ళ కింది నలుపు ఏ సబ్బుకీ వదల్లేదు.

బేరింగుని వేలికి తగిలించి తిప్పి, "రులేమాన్" అన్నాడు తనలో తాను.

లేతు దగ్గరున్న బాబూరావు నవ్వాడు. "మొదలెట్టాడ్రా మనోడు!"

ఇరవై నాలుగేళ్ళు గ్రీకువాళ్ళ ఓడల్లో పనిచేశాడు మత్తయి. ఇంజను గదిలో నూనె తుడిచే పనితో చేరి, ఫిట్టరై బయటికొచ్చాడు. ఎన్ని రేవులు తిరిగినా అతను చూసినవి నీళ్ళకి దిగువనున్న ఇనప నిచ్చెనలే. గ్రీకు ఇంజనీర్లు అరిచి అడిగిన సామాను పేర్లూ, వాళ్ళ తిట్లూ, పాటలూ విని ఆ భాష నేర్చుకున్నాడు. రాయడం, చదవడం రాదు. ఒక చెవి మందగించాక ఇంటికొచ్చి, ధాన్యం పొట్టు తీసే యంత్రాలు తయారుచేసే ఈ షెడ్డులో చేరాడు. అతను మాట్లాడేది గ్రీకో, నోటికొచ్చిన కూతో తేల్చేవాళ్ళు తెనాలిలో లేరు. "చర్చిలో మాత్రం ఆ మాటలు అనమాక" అనేది భార్య కాంతమ్మ. ఇంజన్ల హోరులో తను సరిగ్గా విన్నాడో లేదోనని అప్పుడప్పుడు అతనికే అనుమానం వచ్చేది.

పదకొండింటికి యజమాని వీరరాఘవయ్య ఆఫీసు గదిలోకి పిలిచాడు. ల్యాప్‌టాప్ ముందు ఆయేషా ఉంది. వడ్లమూడిలో ఇంజనీరింగ్ చదివి, నాలుగు నెలల క్రితం ఉద్యోగంలో చేరిన పిల్ల. ఏడ్చినట్టుంది.

"గ్రీసుకెళ్ళాల్సిన నాలుగు మిషన్లూ ఆపమన్నారు మత్తయీ. మిషను బిగించే పద్ధతి రాసి మనం పంపిన పుస్తకం ఒక్క ముక్క అర్థం కాలేదంట" అన్నాడు వీరరాఘవయ్య.

"కంప్యూటర్‌తో గ్రీకులోకి మార్పించాను బాబాయ్" అంది ఆయేషా. "బిగించే నట్టుని తినే అక్రోటు కాయ చేసిందంట. బెల్టుని ప్యాంటుకి పెట్టుకునే బెల్టు చేసిందంట. మూడింటికి వాళ్ళ ఫోర్‌మాన్ వీడియో కాల్‌లోకి వస్తాడు. అప్పటికి సరిచెయ్యకపోతే ఆర్డరే వద్దన్నారు."

వీరరాఘవయ్య గొంతు తగ్గించాడు. "నీకు నిజంగానే వచ్చుగా?"

"వచ్చనే అనుకుంటన్నానండి."

కుర్చీలో కూర్చోబెట్టి ఆయేషా జాబితా చదివింది. షాఫ్టు. స్ప్రింగు. పుల్లీ. మత్తయి నోరు తెరిచాడు గానీ ఒక్క మాటా రాలేదు. వీరరాఘవయ్య మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

మత్తయి లేచాడు. "ఇక్కడ కుదరదమ్మా. ఆ కంప్యూటర్ పెట్టె పట్టుకుని నాతో రా."

షెడ్డులో విప్పి పెట్టిన యంత్రం పక్కన గొంతుక్కూర్చుని, స్ప్రింగుని గుప్పిట్లో నొక్కాడు. "ఎలతీరియో" అన్నాడు. బెల్టు లాగి వదిలాడు. "ఇమాందాస్." షాఫ్టుని అరచేత్తో నిమిరాడు. "ఆక్సొనాస్." వస్తువు చేతికి తగిలితే చాలు, మాట దానంతటదే వస్తోంది. ఆయేషా విన్నది విన్నట్టు కొట్టి, ఆ మాటకి నెట్‌లో బొమ్మలు వెతికింది. వెతికిన ప్రతిసారీ తెర మీదికి అదే వస్తువు వచ్చింది.

"కరెక్టే బాబాయ్! ఇది కూడా కరెక్టే!"

బాబూరావు లేతు ఆపి వచ్చాడు. కాసేపు నిలబడి చూసి, ఒక్కొక్క సామానూ గుడ్డతో తుడిచి మత్తయి చేతికి అందించసాగాడు.

నట్టు దగ్గర పని ఆగింది. "పక్సిమాది" అన్నాడు మత్తయి. తెర నిండా రస్కులు కనిపించాయి.

"ఇది టీలో ముంచుకు తినేది బాబాయ్."

మత్తయి నట్టుని చేతిలో తిప్పి చూసుకున్నాడు. ఓడ వంటగదిలో ఎండు రొట్టెని కూడా అలాగే పిలిచేవారు. ఇన్నేళ్ళలో రెండూ కలిపేసుకున్నాడా? కళ్ళు మూసుకున్నాడు. ఖియోస్ దీవి నుంచి వచ్చిన సెకండ్ ఇంజనీరు పంపు కిందికి దూరి, చెయ్యి మాత్రం బయటికి చాపి ఆ మాటే అరిచేవాడు. ఆ చేతిలో తను పెట్టింది రొట్టె కాదు.

"అదే రాయమ్మా."

"మళ్ళీ తిండి పేరు రాస్తే ఊరుకోరు బాబాయ్!"

"నేను చెప్తన్నాగా. రాయి."

మూడింటికి తెర మీద తెల్లమీసాల మనిషి ప్రత్యక్షమయ్యాడు. ఆయేషా సరిచేసి పంపిన కొత్త కాగితాలు అతని ముందున్నాయి. మొహంలో నవ్వు లేదు. మత్తయి నట్టుని కెమెరా ముందుకి ఎత్తి పట్టుకుని, "పక్సిమాది" అన్నాడు. దాన్ని కుడివైపు అర చుట్టు తిప్పమని గ్రీకులో చెప్పాడు.

అవతలి మనిషి వంగి తెర మీంచి మాయమయ్యాడు. మళ్ళీ లేచేసరికి అతని చేతిలో పిడికిలంత నట్టు ఉంది.

"పక్సిమాది!" అని అరిచి, భళ్ళున నవ్వాడు.

ఆ తరవాత పావుగంట వాళ్ళిద్దరే మాట్లాడుకున్నారు. మత్తయి గొంతు షెడ్డు రేకులకి తగిలింది. ఇంజను హోరు మీద గెలవడానికి నేర్చుకున్న గొంతు అది. వంగిన భుజాలు ఎప్పుడు నిటారయ్యాయో ఎవరూ చూడలేదు.

"ఏంటి మత్తయీ, ఏమంటున్నాడు?" వీరరాఘవయ్య ఆగలేకపోయాడు.

"మాటలన్నీ సరిపోయినయ్యంటండి. మిషన్లు పంపమంటన్నాడు. నాది ఖియోస్ యాసంట. వాళ్ళమ్మది ఆ దీవేనంట. అక్కడ ఎవరింట్లో పెరిగావని అడుగుతున్నాడండి."

"ఏం చెప్పావు?"

"ఇంజను గదిలో అని చెప్పానండి." మత్తయి కళ్ళు తుడుచుకున్నాడు. "మిషన్లు బిగించడానికి నన్నే పంపమంటన్నాడు."

"వెళ్తావా?"

"వెళ్తానండి. ఈసారి ఆ దేశాన్ని నీళ్ళ పైనుంచి చూస్తాను."

బాబూరావు ముందు చప్పట్లు కొట్టాడు. షెడ్డంతా అందుకుంది.

యంత్రాలు ఆ వారమే బయల్దేరాయి. మత్తయికి కాగితాలన్నీ వచ్చేసరికి రెండు నెలలు పట్టింది. వెళ్ళే రోజు కూడా పొద్దున్నే షెడ్డుకి వచ్చి, నాలుగు బేరింగులకి గ్రీజు పెట్టి, చేతులు కడుక్కున్నాడు. వీరరాఘవయ్య కొనిచ్చిన కొత్త బూట్లు తొడుక్కుని, అందరికీ "వస్తాను" అని చెప్పి కారెక్కాడు. కాసేపటికి లేతు మళ్ళీ తిరగడం మొదలైంది.

బల్ల కింద అతని రబ్బరు చెప్పులు ఉండిపోయాయి. నూనె తాగి నల్లబడి, మడమల దగ్గర కాగితంలా అరిగి, పది వేళ్ళ గుంటలూ అచ్చుగుద్దినట్టు పడి ఉన్న జత.