ధూపం పెట్టిన తల

"ఎలాగూ ఇంట్లో కూచుని బొమ్మలేగా చేసుకునేది, మా పిన్నికి కాస్త తోడుండు" అని మా ఆయన తయ్యిబ్ పోర్ట్ సూడాన్ నుంచి ఫోన్లో అన్నప్పుడు నేను కిస్రా రొట్టెలకి పిండి కలుపుతున్నాను. కైరోలో శిల్పం చదవడానికి వచ్చి ఏడాది కాలేదు. మా ఊరి నుంచి వైద్యానికి వచ్చే ప్రతి బంధువుకీ ఫైసల్ వీధిలో నా రెండు గదులే సత్రం. రోగి ఒకరైతే చూడవచ్చేవాళ్ళు గదినిండా. అందరికీ పాల టీ, ఎండు బెండపొడి పులుసు, పక్కలు. క్లాసులో మట్టి పిసికిన చేతులు ఇంటికొచ్చి పిండి పిసుకుతాయి. "నీ చదువుకి నేనెప్పుడైనా అడ్డం చెప్పానా?" అంటాడు తయ్యిబ్. చెప్పలేదు. ఆ పని తనవాళ్ళకి అప్పజెప్పాడు.

మోకాళ్ళ వైద్యానికొచ్చిన ఆ పిన్ని, హాజ్జా బతూల్, చెడ్డ మనిషి కాదు. అదే నా కష్టం. చెడ్డదైతే కోపం తెచ్చుకోవడం ఎంత తేలికయ్యేదో.

ఏడాది చివర ఒక తల చేసి చూపించాలి. అది నచ్చితేనే శిల్ప విభాగంలో ఉంచుతారు. నేను నా తలే చేశాను. బట్టీలో పేలిపోకుండా లోపలంతా డొల్ల చేసి, కంటిపాపల చోట రంధ్రాలు పెట్టి, నడినెత్తి ఇంకా మూయకుండా, ఆరడానికి అలమర పైన ఉంచాను.

ఆ మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చేసరికి గదినిండా ఆడవాళ్ళు, కమ్మటి పొగ. తివాచీ మధ్యలో నా తల. దాని నెత్తిలో నిప్పులు, గంధపు చెక్కలు. నా రెండు కళ్ళలోంచీ పొగ వస్తోంది.

"ఎంత పనితనమమ్మా! ధూపం కళ్ళలోంచి వస్తోంది" అని ఒకావిడ మురిసిపోతోంది.

"మా కోడలు మరి! నా ధూపపాత్ర దారిలో పగిలిందని ఏడుస్తుంటే, చెప్పకుండానే కొత్తది చేసి పెట్టింది" అంటోంది హాజ్జా.

బొమ్మ చెవి దగ్గర టప్పుమంది. చెంప ఊడి తివాచీ మీద పడింది.

"ఈ ఊరి మట్టికి సత్తువ లేదు" అని ఇంకొకావిడ తేల్చేసింది.

"అది నా పరీక్ష" అన్నాను.

హాజ్జా నోరు నొక్కుకుంది. "అయ్యో, ముందే చెప్పొద్దూ బిడ్డా! పోనీలే, నీ చేతిలో పనేగా, ఇంకోటి చేసుకుందువు. ముందు టీ పెట్టు, వీళ్ళంతా ఎండన పడి వచ్చారు."

నేను కదల్లేదు. ఇంతలో తయ్యిబ్ ఫోను. జరిగింది చెప్పాను.

"మట్టే కదా సులాఫా! అందరి ముందూ పిన్నిని ఏమీ అనలేదు కదా?" అని, నేను జవాబిచ్చేలోపే, "అన్నట్టు శుక్రవారం మా మామయ్య కంటి ఆపరేషన్‌కి వస్తున్నాడు. మాంసం తెప్పించు. ఇంటి ఇల్లాలివి, నేను వేరే చెప్పాలా?" అన్నాడు.

గదిలో ఆడవాళ్ళంతా నావైపే చూస్తున్నారు. నేను గొంతు తగ్గించలేదు.

"ఈ ఇంట్లో ఇల్లాలు లేదు తయ్యిబ్. చదువుకునే మనిషి ఒకతే ఉంది. శుక్రవారం ఎవరొచ్చినా ఆమె తలుపు తియ్యదు."