మైకులో నేను కలిపిన మాట

ఆగండి. చేతిలో పని ఉంటే పక్కన పెట్టి కాసేపు ఇది వినండి. రేపు పొద్దున పదింటిలోగా నేనొకటి తేల్చుకోవాలి, తేలడం లేదు.

మొన్న ఆదివారం సాయంత్రం, మనముండే ఈ బిహారు ఊళ్ళోనే, బిష్టుపూర్‌లో మీటింగ్ జరిగింది. ఆదిత్యపూర్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేసే మనవాళ్ళు అప్పటికి పన్నెండు రోజులుగా సమ్మెలో ఉన్నారు. పట్నా నుంచి పెద్ద నాయకుడొకాయన వచ్చి రాజీ చేస్తాడని కబురొచ్చింది. కాంట్రాక్టరు ఆయన మనిషేనని అందరికీ తెలుసు, అయినా పన్నెండు రోజులు పస్తులున్నవాళ్ళకి ఆశ ఉంటుంది కదా. కూలీల్లో సగం మంది శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళు. పనిలో హిందీ మాట్లాడతారు గానీ ఉపన్యాసాల హిందీ వాళ్ళకి అందదు. అందుకని పక్కన నిలబడి తెలుగులో చెప్పే మనిషి కావాలన్నారు.

ఆ పని ఎప్పుడూ మా నాన్న పరంజ్యోతిది. నాన్న స్కూలు టీచరు, ఇరవై ఏళ్ళుగా చర్చిలో దొరల ప్రసంగాలు తెలుగులో చెబుతున్నాడు. మా చర్చిలో తర్జుమా అంటే ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పడం కాదు. దొర "సముద్రం పొంగింది" అంటే నాన్న "భీమిలి దగ్గర తుపానులో పడవలు కొబ్బరిచెట్లెక్కినట్టు పొంగింది" అంటాడు. దొర ఒక వాక్యం చెబితే నాన్నది ఒకటిన్నర. జనం ఆ అర కోసమే వస్తారు. ప్రసంగానికి ఉప్పు తగలాలి బాలకుమారీ, అనేవాడు నాతో. చిన్నప్పటి నుంచీ ఆ ఉప్పు చూస్తూ పెరిగాను.

ఆ వారం జలుబు చేసి నాన్న గొంతు పూర్తిగా పోయింది. నేను వెళ్తానన్నాను. నాకు హిందీ బాగా వచ్చు, టైపు పరీక్ష పాసయ్యాను, ఇరవై ఏళ్ళ ఆడపిల్ల మైకు ముందు నిలబడితే ఊరంతా చెప్పుకుంటుందని తెలుసు. ఆ సరదా గురించి అబద్ధమాడను.

మొదటి అయిదు నిమిషాలు నాయకుడు భాయీలూ బెహన్‌లూ అన్నాడు. తర్వాత ఆయన గొంతు మారింది. పరాయి జిల్లాల నుంచి వచ్చి మా తిండి తిని మా మీదే మొరిగే కుక్కలన్నాడు. సమ్మె గురించి రాసిన పత్రికవాళ్ళ వేళ్ళు ఎలా ఆపాలో తనకి తెలుసన్నాడు. లాఠీకి తెలుగువాడని, బిహారీ అని తేడా తెలియదన్నాడు. నేను ఒక్కటీ వదలకుండా, ఆయన చెయ్యి ఎత్తితే చెయ్యి ఎత్తి, తెలుగులో చెప్పాను. కుక్కలు అనే మాట మన భాషలో వాళ్ళ చెవుల్లో పడింది నా నోటి నుంచే. నాకు కోపం రావాలి కదా, రాలేదు. తరువాతి వాక్యం జారిపోకుండా పట్టుకోవడమే నా ధ్యాస.

అప్పుడాయన ఆడవాళ్ళు కూర్చున్న వైపు వేలు చూపించాడు. వాళ్ళు పన్నెండు రోజులుగా కాంట్రాక్టరు గేటు ముందు కంచాల మీద గరిటెలతో కొడుతున్నారు. అందరికంటే ముందు మా పక్కింటి పైడమ్మత్త. ఆవిడ భర్త అసిరయ్య మావ ఆ కాంట్రాక్టరు పనిలోనే పరంజా మీద నుంచి పడ్డాడు. నడుం విరిగి ఎనిమిది నెలలుగా మంచంలో ఉన్నాడు. పడిన మర్నాడే హాజరు పుస్తకంలో పేరు కొట్టేసి, ఈ మనిషి మా దగ్గర పనే చెయ్యలేదన్నారు. పేరు మళ్ళీ ఎక్కించి వైద్యం చేయించమనే పైడమ్మత్త కంచం పట్టుకుంది.

"ఔర్ యే ఔరతేఁ, సడక్ పర్ నాచ్ రహీ హైఁ," అన్నాడు నాయకుడు. ఈ ఆడవాళ్ళు రోడ్డు మీద గంతులేస్తున్నారు. ఆయన అన్నది అంతే.

నేను మనవాళ్ళ యాసలోకి దిగి, "ఇంక ఈ ఆడోళ్ళు, మొగుణ్ణి మంచమ్మీద పడేసి నడిరోడ్డు మీద చిందులేత్తన్నారు" అన్నాను.

మంచం అన్న మాట నాది. మొగుడు అన్న మాటా నాదే. వాక్యం చప్పగా ఉందనిపించింది, ఉప్పు వేశాను.

ముందు వరసలో కాంట్రాక్టరు తాలూకు తెలుగు మేస్త్రీలు పగలబడి నవ్వారు. ఆ నవ్వు విని ఒక్క క్షణం నేను పొంగిపోయాను. ఆ తర్వాతే పైడమ్మత్తని చూశాను. ఆవిడ కంచం ఒళ్ళో బోర్లించుకుని పైట కొంగు దాని మీదకి లాక్కుంది. మనవాళ్ళంతా లేచి వెళ్ళిపోయారు. నాయకుడు నా భుజం తట్టి, బహుత్ అచ్ఛా బోల్‌తీ హో బేటీ, అన్నాడు. నేను థాంక్యూ సర్ అన్నాను.

సోమవారం పొద్దున్నుంచీ మా పర్సుడీహ్‌లో కుళాయి దగ్గరా టీ కొట్టు దగ్గరా అదే మాట. కుక్కలన్నది ఎవరికీ పట్టలేదు, లాఠీ పట్టలేదు. మంచంలో ఉన్నవాడి ఊసెత్తాడన్నదొక్కటే. పక్క కాంట్రాక్టర్ల కూలీలు కూడా కదిలారు. రేపు బుధవారం నాయకుడు దిగిన బంగళా ముందు మూడు వందల కంచాలు మోగాలనుకున్నారు.

ఇవాళ మధ్యాహ్నం పైడమ్మత్తా, సమ్మె నడిపిస్తున్న పోలరాజూ మా ఇంటికొచ్చారు. పోలరాజు తెల్ల కాగితం నా టైపు మిషను పక్కన పెట్టాడు. అడుగున అప్పటికే పైడమ్మత్త వేలిముద్ర ఉంది.

"ముందే ఏసేసినాను గుంటా. మల్లీ రాలేను, మీ మావని ఒగ్గేసి," అంది.

"అర్జీ ఇంగిలీసులో కొట్టమ్మా, ఆ పెద్దోడి సేతికిత్తాం, కలెక్టరుకీ పంపుతాం," అన్నాడు పోలరాజు. "ఆడు ఇందీలో ఏటన్నాడో అచ్చరం పొల్లుపోకుండా ఎయ్యి. కుక్కలన్నాడు, పోనీ. మొరిగినాం, మల్లీ మొరుగుతాం. మంచం మాట మాత్రం ఎనక్కి తీసుకోవాల."

నేను పైడమ్మత్త వైపు తిరిగాను. "అత్తా, తెలుగులో అన్నది నేను కదా. నా మీద కోపం లేదా?"

"నీ మీదెందుకే. నువ్వు గొట్టానివి. ఆడు ఊదినాడు, నువ్వు పలికినావు," అని నవ్వింది. "గొట్టం మాత్రం గట్టిదే. మీ అయ్యకంటే బాగా మోగినావు."

"మావ ఎలా ఉన్నాడు?"

నవ్వు పోయింది. "ఎవలో సెప్పేసినారు. ఆదోరం నుంచి గోడేపు తిరిగి పడుకున్నాడు. ముద్ద ముట్టడు. నన్ను పడేసి పోతన్నావని ఊరంతా అనుకుంతన్నారా అనడుగుతాడు. ఆ పెద్దోడు తప్పయిపోనాదని ఒక్క మాటంతే, ముసిలోడు బువ్వ తింతాడు. నాకింకేటి వొద్దు."

అత్తా, అది, అన్నాను. అంతవరకూ వచ్చింది. "తొరగా టకటకలాడించమ్మా, రేపు పదింటికి వత్తాను," అని పోలరాజు లేచాడు. పైడమ్మత్త నా తల నిమిరి వెళ్ళింది. అమ్మ డ్యూటీకి పోయిన రోజుల్లో నాకు జడ వేసింది ఆ చెయ్యే.

గుమ్మం దగ్గర నాన్న. ఎప్పట్నుంచి నిలబడ్డాడో తెలియదు. గొంతు ఇంకా గాలిలాగే వస్తోంది.

"ఆ అర నీదేనా?" అన్నాడు.

నేను మిషను వైపు చూశాను. నాన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నేను కలిపినప్పుడు ఎవరూ పోల్చి చూడలేదమ్మా. ఈ నాయకుడి మనుషులు చూస్తారు. ఆయన పక్కనే ఒకాయన కూర్చుని హిందీలో ప్రతి ముక్కా రాసుకోవడం నువ్వు చూడలేదా?"

చూశాను. ఆ కలం ఎంత వేగంగా పోతోందో అని ముచ్చటపడ్డాను కూడా.

నాన్న లేచి లోపలికి వెళ్ళిపోయాడు. నేను తప్పు చేశానని ఒక్క మాటన్నా బాగుండేది.

కాగితం మిషనులో ఉంది. నాలుగు వాక్యాలు కొట్టాను. కుక్కలు, పత్రికవాళ్ళ వేళ్ళు, లాఠీ, రోడ్డు మీద గంతులు. నాలుగూ ఆయన అన్నవే. ఇప్పుడు చదువుతుంటే కోపం వస్తోంది, ఆదివారం మైకు ముందు రావలసిన కోపం. అయిదో వాక్యం, ఆ మంచం మాట కోసమే వాళ్ళు వస్తున్నారు. అది కొడితే నాయకుడు తన కాగితం తీసి, నేననలేదు, వీళ్ళు అబద్ధాలకోర్లు అంటాడు. ఆ నాలుగూ దాంతోపాటే కొట్టుకుపోతాయి. కొట్టకపోతే ఎందుకు కొట్టలేదో పైడమ్మత్తకి చెప్పాలి. ఆ మాట అన్నది పట్నా పెద్దమనిషి కాదు, ఆవిడ చేత జడ వేయించుకున్న పిల్ల అని అసిరయ్య మావ మంచం పక్కన నిలబడి చెప్పాలి. మూడు వందల మంది రేపు బయల్దేరేది ఆ మాట మీదే. అది నాదని తెలిశాక ఎంతమంది కంచం పట్టుకుంటారో, మావ ఇటు తిరుగుతాడో ఇంకా గోడకే అతుక్కుంటాడో నాకు తెలియదు.

నాలుగో వాక్యానికీ ఆవిడ వేలిముద్రకీ మధ్య ఒక్క వరస ఖాళీ ఉంది. మీరైతే అక్కడేం కొడతారు?