మూడు తొవ్వల కాడ నిమ్మకాయ

దంతాలపల్లిల ఐలేశ్ అంటే దుకాణాల బోర్డులు రాసెటోడు. పనేమో బోర్డులది, పాణమేమో బయట కూసోని బొమ్మలేసుడు మీద. చేనైనా, గుట్టయినా, పీట మీది వంకాయైనా ఎదురుంగ పెట్టుకొని చూసుకుంటనే వెయ్యాలె. అన్నీ వస్తయి గనీ నిమ్మకాయ ఒక్కటి రాదు. ఎన్నిసార్లేసినా పసుపు ముద్ద లెక్కనే పడుతది. గదొక్కటి కుదిరితె తను పెయింటరే అని తనకు నమ్మకమొస్తది. గదే ఆయన రంది.

ఊరిబయట మూడు తొవ్వలు కలిసే కాడ పొద్దటెండ మంచిగ పడుతదని ఓనాడు పొద్దుగాల్నే అక్కడ పీట ఏసిండు. పీట మీద ఎర్రగుడ్డ, దాని మీద కొత్త కుండ, ఎండు మిరపకాయలు, నిమ్మకాయ. ఎండ గురించి గంత ఆలోచించినోనికి అది అమాస తెల్లారని సోయే లేదు. ఏమనాలె గిసొంటి మనిషిని!

ఆ పొద్దు కుంచె మాట విన్నది. తొక్క మీది నిగనిగ, కింది నీడ, అన్నీ కుదిరినయి. ఐలేశ్‌కు సంబురం ఆగలే.

అప్పుడే మిరప ఏరబోయే ఆడోళ్లు వచ్చి ఆగిండ్రు. ముందున్నది గుంపు పెద్ద కట్టమ్మ.

"ఎవడు పెట్టిండురా గిది?"

"నేనే పెట్టిన అవ్వా!" మురిసిపోయి చెప్పిండు ఐలేశ్.

"అమాస తెల్లారి మూడు తొవ్వల కాడ నిమ్మకాయ పెట్టినవా? నీ చేతులిరగ! ఎవలకు చేసినవ్ చేతబడి?"

ఆడోళ్లంత ఎనుకకు జరిగిండ్రు. బొమ్మ కోసమని ఎంత మొత్తుకున్నా ఇనలే.

"అట్లయితె గా నిమ్మకాయ తిను," అన్నది కట్టమ్మ.

తొక్కతోటి సహా నమిలి మింగిండు. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. గుంపు కుదుటపడ్డది. కట్టమ్మ రెండడుగులేసి, బొమ్మను చూసి, మళ్ల ఆగింది.

"అది తిన్నవ్, సరే. మరి గిందుల ఉన్నదాన్ని ఎవలు తినాలె?"

ఐలేశ్ బొమ్మ దిక్కు చూసిండు. ఇన్నేండ్లల్ల ఆయన బొమ్మ కాడ ఒక్కలు ఆగలే. ఇయ్యాల గుంపంత దాన్ని దాటనంటున్నది. గంత నిజంగ వచ్చిందా అని సంబురం, ఉంచుకోలేను గదా అని దుఃఖం, రెండూ ఒక్కసారే ముసురుకున్నయి. మంత్రగాడన్న పేరొస్తె ఊర్లె బతుకనియ్యరు. గది ఆయనకు ఎరుకే.

కుంచెలు తుడిచే గుడ్డ తీసి, బొమ్మల ఇంకా ఆరని నిమ్మకాయను తుడిచేసిండు.

కట్టమ్మ వంగి చూసింది. కుండ, మిరపకాయలు, నడుమ పసుపు మరక.

"గిప్పుడు మంచిగున్నది బిడ్డా బొమ్మ," అనుకుంట దాటిపోయింది.