శాంతమ్మ ఓడ ప్రయాణం

మధ్యధరా సముద్రాన్ని అరచేతి గీతల్లా చదువుకున్నవాడు యూనివర్సిటీ మొత్తానికి రాజలింగు ఒక్కడే. ఈ మాట చెప్పేవాడు కూడా రాజలింగే. పెద్ద యుద్ధంలో పల్టన్‌తో ఇటలీకి ఓడెక్కి, బతికొచ్చి, ఆడపిల్లల హాస్టల్ గేటు దగ్గర కాపలాకు కుదిరాడు. ఆ గేటు దగ్గర ఎవరు కాసేపు నిలబడ్డా, వాళ్లను సముద్రం మీదికి తీసుకుపోనిదే వదిలేవాడు కాదు.

అందుకే సామ్యేలు ఆయన్ను వెతుక్కుంటూ వచ్చాడు. అది 1966 నవంబరు. సామ్యేలు చెల్లెలు శాంతమ్మ ఆ హాస్టల్‌కే మేట్రన్. భర్త పోయి చాలా కాలమైంది, యాభై దాటింది. ఉన్నట్టుండి ఒక యాత్రకు టికెట్ కొనేసింది. బొంబాయిలో ఓడెక్కడం, సూయజ్ కాలువ దాటడం, మధ్యధరా సముద్రంలో రేవు రేవుకూ ఆగుతూ తిరగడం. మరునాడే బొంబాయి రైలు.

"ఈ రోజుల్లో ఆ సముద్రం మంచిది కాదట. నువ్వు చూసినవాడివి. కాస్త భయపెట్టు పెద్దాయనా, టికెట్ వాపసు ఇచ్చేస్తుంది" అన్నాడు సామ్యేలు.

ఆయన కోతలు ఒకరు కోరి అడగడం అదే మొదలు. రాజలింగు మీసం దువ్వుకుని తార్నాక బయల్దేరాడు.

సెలవు పెట్టిన శాంతమ్మ అన్నగారింట్లో ట్రంకు పెట్టె ముందు కూర్చుని ఉన్ని శాలువా మడత పెడుతోంది.

"ఈ నెలల అల లేస్తే మన ఆర్ట్స్ కాలేజంత లేస్తది బిడ్డా" అని మొదలుపెట్టాడు రాజలింగు. "ఓడ అల మీదికెక్కితే ఇటలీ కనవడ్డది. కిందికి దిగితే సముద్రం అడుగున పీతలు కనవడ్డయి."

"ఎంతున్నాయేంటి పీతలు?"

"గుమ్మడికాయలంత. ఇగ గాలి సంగతి చెప్తే నమ్మవు. మా సుబేదారు మీసాలు ఊడొచ్చి నా మొఖానికి అంటుకున్నయి."

"తిరిగిచ్చావా మరి?"

"ఇయ్యనిచ్చిందా గాలి? ఇంకోని మొఖానికి వోయినయి."

సామ్యేలు గొంతు సవరించుకున్నాడు. "విన్నావా శాంతా? పైగా ఒంటరి ఆడమనిషివి. జనం ఏమంటారు?"

"ఇక్కడ ఉన్నా ఏదో ఒకటి అంటూనే ఉన్నారు అన్నయ్యా. ఓడలో ఉంటే నాకు వినపడదు." శాలువాను పెట్టెలో కుక్కింది. "ఇన్నేళ్లూ చీకటి పడకముందే పిల్లలందర్నీ గేటు లోపలికి తోలాను. సినిమాకని ఒకతె, స్నేహితురాలి పెళ్లికని ఒకతె బతిమాలినా కాదన్నాను. వద్దనడం నీకంటే నాకే బాగా వచ్చు. అది నా మీద పనిచేయదు."

తర్వాత రాజలింగు వైపు తిరిగింది. "పెద్దాయనా, ఓడ నేపుల్స్ రేవుకు చేరేటప్పుడు నిప్పుల కొండ కనిపిస్తుందటగా. ఏ పక్కన నిలబడాలి?"

రాజలింగు చెయ్యి మళ్లీ మీసం మీదికి పోయింది. ఎడమ అనొచ్చు, కుడి అనొచ్చు. కానీ ఈమె నిజంగా వెళ్తుంది. చెప్పిన పక్కనే నిలబడుతుంది. మాట తప్పయితే కొండ కాస్తా వీపు వెనకనుంచి జారిపోతుంది.

పకపకా నవ్వేశాడు. "నాకేమెరుక బిడ్డా. ఎక్కిన్నుంచి దిగేదాంక ఓడ కడుపుల బకెట్టును కౌగిట్ల వట్టుకొని పండుకున్న. నేను జూసిన సముద్రం ఆ బకెట్టు అడుగే."

సామ్యేలు తల పట్టుకున్నాడు. "నిన్ను తెచ్చింది ఇందుకా?"

"భయపెట్టమన్నవు, పెట్టిన. ఆమె పడకుంటే నేనేం జేస్త?" రాజలింగు పెట్టె దగ్గరికి జరిగాడు. "ఇగ అసలు మాట ఇను. చలి మస్తుంటది. వాన చెప్పకుండ వస్తది. పొద్దు జల్ది గూకుతది. కడుపుల తిప్పితే నా లెక్క కింద పండుకోకు. పైకి వోయి కమ్మి పట్టుకొని నిలవడు. తడిస్తే తడువు. పండుకున్నోనికి ఏమేం కనవడదో నాకెరుక."

"రెండు పక్కలా తిరుగుతాలే" అని శాంతమ్మ పెట్టె మూత వేసి, దాని మీదెక్కి కూర్చుని గొళ్లెం బిగించింది.

తెల్లారి ఆ పెట్టెను సామ్యేలు నెత్తిన పెట్టుకుని తార్నాక చౌరస్తా దాకా మోశాడు. ముందు రాజలింగు దారి చేస్తుంటే, వెనక శాంతమ్మ చేతులూపుకుంటూ నడిచింది. రిక్షా ఎక్కాక వెనక్కి తిరిగి చూడలేదు.

ఈ కథలో నేను కల్పించింది ఒక్కటే. నిజానికి పెట్టెను రిక్షావాడే ఇంటి ముందు రిక్షాలోకి ఎక్కించుకున్నాడు. సామ్యేలు గుమ్మం కూడా దిగలేదు. చెల్లెల్ని వద్దన్న పెద్దమనిషి చేత ఆ కాస్త దూరం మోయించాలనిపించింది, మోయించాను.