మూడో ప్రెస్సు మీది తువ్వాలు

ఐటీ కంపెనీల బెళ్ళందూరు మునిగి, పెద్ద పెద్ద ఉద్యోగాల వాళ్ళు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోయారే, ఆ ఏడు జరిగింది ఇది. ఆ వానకే బొమ్మసంద్రలోని రేకు సామాన్లు చేసే ఒక షెడ్డులోకీ మోకాటి లోతు నీళ్ళు వచ్చాయి. నీళ్ళు రెండు రోజుల్లో పోయాయి. మూడో నంబరు ప్రెస్సుకు పట్టిన తుప్పు మాత్రం పోలేదు.

పెద్దమునియప్ప ఇరవయ్యారేళ్ళుగా ఆ షెడ్డులో ప్రెస్సులకు డైలు, అంటే అచ్చులు, బిగించే మనిషి. రేకు ముక్కను డై మీద పెట్టి పెడల్ తొక్కితే పైనుంచి ఇనుప దిమ్మ దిగి దాన్ని వంచుతుంది. దిమ్మ సరిగా దిగుతోందో లేదో అతనికి చప్పుడును బట్టే తెలుసు. మూడో తరగతితో బడి మానేసినవాడు. మాట పొదుపు. ఏ ప్రెస్సయినా తేడా చేస్తే, భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి దాని హ్యాండిల్‌కు కట్టేవాడు. అంతే. ఆ తువ్వాలు ఉన్నంతసేపు యజమాని వచ్చి చెప్పినా ఆ ప్రెస్సును ఎవరూ తొక్కరు. అతనే బాగుచేయాలి, అతనే విప్పుకోవాలి. అది అక్కడి కట్టుబాటు.

నీళ్ళు పోయిన నెల రోజులకు దీపక్ అని కొత్త మేనేజరు వచ్చాడు. వచ్చిన రోజే అందరినీ వరసగా నిలబెట్టి ఫోను ఎత్తి చూపించాడు.

"ఇకనుంచి ప్రతి ఇష్యూ వాట్సాప్ గ్రూపులోనే. ఓనర్ సార్ కూడా ఇందులో ఉన్నారు. నోటిమాటలు నా దగ్గర నడవవు. గ్రూపులో లేకపోతే అది జరగనట్టే."

పెద్దమునియప్పది బటన్ల ఫోను. దీపక్ దాన్ని చూసి, "పెద్దాయనా, దీన్ని మ్యూజియంకి ఇచ్చేయండి" అన్నాడు. అతడు ఫోను జేబులో పెట్టుకుని ప్రెస్సు వైపు తిరిగాడు.

"చూశారా? కమ్యూనికేషన్ జీరో!"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్విన మొహాలను పెద్దమునియప్ప గుర్తు పెట్టుకున్నాడు.

ఒక మంగళవారం పొద్దున మూడో ప్రెస్సును ఒక్కసారి తొక్కితే దిమ్మ రెండుసార్లు దిగింది. పెద్దమునియప్ప తువ్వాలు కట్టేసి, ఎన్నడూ లేనిది, మేనేజరు గదిదాకా నడిచాడు.

"మూడోది రెండు మార్లు దిగతా ఉండాది."

దీపక్ ఫోనులోంచి తల ఎత్తలేదు. "గ్రూపులో వెయ్యండి."

"నాకు రాదు."

"వచ్చినవాళ్ళతో వేయించండి. అది కూడా నేనే నేర్పాలా?"

పక్క ప్రెస్సు మీదుండే కెంపమ్మకు ఫోనుంది. అడిగితే అర నిమిషం పని. పెద్దమునియప్ప అడగలేదు. ఇన్నేళ్ళూ ఎవరినడిగాను, ఇప్పుడు వీడి కోసం అడుక్కోవాలా అనుకున్నాడు. చెప్పాల్సింది చెప్పాను, తువ్వాలుంది. కొత్త స్ప్రింగు తేవడానికి స్టోరుకు పోయాడు.

ఆ రోజు సరుకు కొనే పార్టీ వాళ్ళు కంపెనీ చూడ్డానికి వస్తున్నారు. వాళ్ళకంటే ముందు దీపక్ ఒక చుట్టు చుట్టి, తువ్వాలు చూసి మండిపడ్డాడు.

"మిషన్ల మీద ఈ పేలికలేంటి?" అని లాగి, నూనె గుడ్డల డబ్బాలో పడేశాడు.

కెంపమ్మ చూసింది. నోరెత్తలేదు. మేనేజరుకు అన్నీ తెలిసే ఉంటాయిలే అనుకుంది.

టీ తాగొచ్చిన, మూడో ప్రెస్సు తొక్కే శశికళకు తువ్వాలు కనబడలేదు. పొద్దున ఉంది, ఇప్పుడు లేదు, పెద్దమునియప్ప మామ బాగుచేసి విప్పుకున్నాడు అనుకుంది. కూర్చుని తొక్కింది. దిమ్మ దిగి లేచింది. ముక్క తీయడానికి చెయ్యి పెట్టింది. దిమ్మ మళ్ళీ దిగింది.

కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి.

సాయంత్రం దీపక్ పెద్దమునియప్ప ముందు ఒక కాగితం పెట్టాడు. ఆపరేటర్ అజాగ్రత్త వల్ల జరిగిందని అందులో రాసుంది. డైలు బిగించే సెట్టర్‌గా అతని సంతకం కావాలి.

"గ్రూపు చూడండి. మూడో ప్రెస్సు గురించి ఒక్క మెసేజ్ లేదు. నాకు చెప్పానని మీరంటే ఎవరు నమ్ముతారు? ఆమెది కాకపోతే తప్పు మీదవుతుంది. ఎవరిదో ఒకరిది కావాలి కదా."

"మీదైతే కాదు గదా సార్."

దీపక్ మొహం కందిపోయింది. "రేపు పది గంటలకు సంతకం నా టేబుల్ మీద ఉండాలి. లేదా మీరు ఉండరు."

పెద్దమునియప్ప అక్కడినుంచి నేరుగా ఆసుపత్రికి పోయాడు. శశికళ చేతికి పెద్ద కట్టు. పక్కన కెంపమ్మ కూర్చుని ఉంది.

"నా తప్పని రాసినాడంట గదా మామా?"

తల ఊపాడు.

"అట్ల రాస్తే పని పీకేస్తారు. ఈ చెయ్యి చూసి ఇంకెవురు పెట్టుకుంటారు?" లేచి కూర్చుంది. "తువ్వాలు లేకుంటే మిషను బాగుండాదని మాకు నేర్పించింది నువ్వే. పోయే ముందర నాకొక్క మాట చెప్పింటే నీ సొమ్మేం పోయేది? వాని మీద కోపానికి నా చెయ్యా?"

"ఊరికే పండుకోవే" అంది కెంపమ్మ.

"పండుకోను. వానికి చెవుల్లేవు, ఈయప్పకి నోరు లేదు, నువ్వు చూసి గమ్మునుండావు. వేళ్ళు మాత్రం నావి!"

పెద్దమునియప్ప లేచి వచ్చేశాడు.

మర్నాడు పొద్దున షిఫ్టు మారే వేళకు గేటు ముందు నిలబడి, కెంపమ్మ రాగానే చెయ్యి చాపాడు.

"నీ ఫోను ఇయ్యమ్మా. ఆ గ్రూపులోకి నా మాట పొయ్యేట్టు చెయ్యి."

"ఏం చెప్తావప్పా?"

"అంతా."

ఆమె మైకు బొమ్మను నొక్కి పట్టుకుని ఫోను అతని నోటి ముందు పెట్టింది. గొంతు సవరించుకున్నాడు.

"నేను పెద్దమునియప్ప. మూడో ప్రెస్సు రెండు మార్లు దిగతా ఉండాదని నిన్న పొద్దున దీపక్ సార్ రూములో నిలబడి చెప్పినా. తువ్వాలు కట్టినా. దాన్ని ఆయనే పీకి పారేసినాడు, కెంపమ్మ చూసింది. శశికళది ఏం తప్పు లేదు. పక్కనోళ్ళకి చెప్పకుండా పోయింది నా తప్పు. ఆ కాగితం మీద సంతకం పెట్టను. ఓనరు సార్ వినండి."

కెంపమ్మ వేలు తీసింది. గేటు దగ్గరున్న జేబులన్నీ మోగాయి. ఒకరి తర్వాత ఒకరు నొక్కారు. అతని గొంతే పది ఫోన్లలోంచి, ఒకటి ముందూ ఒకటి వెనకా, బయటికి వచ్చింది. అందులో మొన్న నవ్విన వాళ్ళ ఫోన్లూ ఉన్నాయి.

దీపక్ కారు తలుపు కూడా వేయకుండా పరిగెత్తుకొచ్చాడు. "ఎవరు పెట్టమన్నారు? ముందు తీసెయ్ దాన్ని!"

"గ్రూపులో వేసినా సార్" అన్నాడు పెద్దమునియప్ప. "ఇంక జరిగినట్టే."

లోపలికి పోయి, నూనె గుడ్డల డబ్బాలోంచి తన తువ్వాలు ఏరుకున్నాడు. నూనె కారేలా పిండి, మూడో ప్రెస్సుకు కట్టాడు. తర్వాత షిఫ్టుకు వచ్చిన ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, దాన్ని ఎందుకు కట్టాడో నోటితో చెప్పాడు.