సగం ఏడాది కొడుకు

కొడుకు కోల్బీకి గడ్డం గీసేటప్పుడు ఓర్లీన్ ఎడమచేత్తో వాడి తల పట్టుకుంటుంది. పట్టుకోకపోతే వాలిపోతుంది. నది వంతెన మీద ట్రక్కు గుద్దినప్పటి నుంచి ముప్పై దాటిన ఆ కొడుక్కి మాట లేదు, ఒళ్లు స్వాధీనంలో లేదు. వాడి పెళ్లాం పసిపిల్లని వదిలేసి పోయింది. ఆ పిల్ల టెస్సా ఇప్పుడు ఒకటో తరగతి.

కొడుక్కి తినిపించి, తుడిచి, పక్కగుడ్డలు మార్చి, మనవరాలిని బడి బస్సెక్కించాక ఓర్లీన్ వృద్ధాశ్రమంలో దుప్పట్లు ఉతకడానికి వెళ్తుంది. వచ్చే జీతంలో చాలావరకు, తను లేనప్పుడు కోల్బీని చూసే పొరుగావిడకే పోతుంది. మొగుడు హార్లన్ పడవల ఉద్యోగం నుంచి రిటైరై, పగలంతా చేపలు పడతాడు. ఆదివారం చర్చి భోజనాల్లో మాత్రం, "ఇంటిల్లిపాదీ నా వీపు మీదే కదా!" అంటాడు. వినేవాళ్లు అయ్యో అంటారు. ఓర్లీన్ వాళ్లకి వడ్డిస్తూ ఉంటుంది. ఆ మాట విని విని, తను కూడా ఆ వీపు మీదే ఉన్నానేమో అని ఒక్కోసారి ఆమెకే అనుమానం వచ్చేది. పుట్టి పెరిగిన ఇల్లు, చనిపోతూ తల్లి తన పేర రాసిన ఇల్లు, అందులో కూడా తను అడిగి కూర్చునే మనిషిలా ఎప్పుడు మారిందో గుర్తులేదు.

ఫిబ్రవరిలో ఎప్పటిలాగే ఇద్దరూ పన్ను లెక్కలు వేయించడానికి వెళ్లారు. కొడుకూ మనవరాలూ తన మీద ఆధారపడ్డారని హార్లన్ ఏటా హుషారుగా రాయిస్తాడు. దాని వల్ల పన్ను తగ్గి వెనక్కొచ్చిన డబ్బుతో పోయినేడు పడవకి కొత్త మోటారు కొన్నాడు.

"మనవరాలి పుట్టినరోజు ఎప్పుడండీ?" అని అడిగింది బల్ల వెనక అమ్మాయి బ్రైనా.

హార్లన్ భార్య వైపు చూశాడు. ఓర్లీన్ చెప్పింది.

"ఒక సందేహం," అన్నాడతను, కుర్చీలో వెనక్కి వాలి. "అబ్బాయి జూలైలో ఇల్లు వదిలి వెళ్లిపోతే, వచ్చేసారి లెక్కలోకి వస్తాడా?"

"సగం ఏడాది దాటి మీ ఇంట్లో ఉంటే చాలండీ. ఎక్కడికి వెళ్తున్నాడు?"

"లూయీవిల్‌లో ఇలాంటివాళ్లని ఉంచుకునే హోమ్ ఒకటి ఉంది. వాడి పేరు రాయించేశాను. పిల్ల వాళ్ల అమ్మమ్మ దగ్గరికి పోతుంది. కాస్త ముందే పంపేవాణ్ణి గానీ, నష్టం కదా!"

ఓర్లీన్ అతని వైపు తిరిగింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏడుస్తావని. నీ నడుం కోసమేనే పిచ్చిదానా."

హోమ్ అంటే ఏమిటో ఆమెకి తెలుసు. అలాంటి చోటి దుప్పట్లే రోజూ తన చేతుల్లోంచి పోతాయి. ఎవరిని ఎన్ని గంటలు తడిలో వదిలేశారో బట్ట చెప్తుంది. నడుం నిజంగానే విరిగిపోతోంది. వాడు లేని ఒక్క పొద్దుటి నిద్ర కావాలని తనూ కోరుకుంది, కోరుకున్నందుకు స్నానాల గదిలో తలుపేసుకుని ఏడ్చింది. ఆ మాట ఈ మనిషి ఏనాడైనా అడిగి ఉంటే, బహుశా ఒప్పుకునేదేమో. అతను అడిగింది మాత్రం ఏ నెలలో పంపితే నష్టం రాదని.

బ్రైనా కాగితాలు వాళ్ల వైపు తిప్పింది. "ఇద్దరూ సంతకం పెట్టాలండీ."

హార్లన్ పెట్టేసి కలం అందించాడు. ఓర్లీన్ తీసుకుని, అలాగే పట్టుకుంది.

"నేను పెట్టకపోతే?"

"అప్పుడు ఎవరిది వాళ్లు విడిగా వేసుకోవాలమ్మా."

"ఈ ఏడాది జూన్ లోపల మా ఆయన వేరే కాపురం పెడితే? అబ్బాయి నా దగ్గరే ఉంటే?"

బ్రైనా హార్లన్ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఏడాది చివరిదాకా మళ్లీ ఆయన రాకుండా, ఇంటి ఖర్చులో సగం పైన మీరే పెడితే... అబ్బాయి మీ లెక్కలోకే వస్తాడు, పన్ను కాగితంలో ఇంటిపెద్ద అని మీ పేరు రాస్తామమ్మా."

"ఏమిటే ఈ తిక్క ప్రశ్నలు?" హార్లన్ నవ్వబోయాడు. "సంతకం పెట్టు, పోదాం."

ఓర్లీన్ కలానికి మూత పెట్టి బల్ల మీద ఉంచింది.

"ఇల్లు మా అమ్మది, హార్లన్. జూన్ దాకా ఉండు."