చొక్కా జేబులో సీసా

పిండిముద్దను ఎత్తి బల్ల మీద కొట్టినప్పుడల్లా చొక్కా జేబులోని చిన్న సీసా బల్ల అంచుకు తగిలి టిక్కుమంటోంది. ఆ చప్పుడు తనకు తప్ప ఎవరికీ వినబడదని తెలిసినా, అతను ప్రతిసారీ పొయ్యి వైపు దొంగచూపు చూస్తున్నాడు. అక్కడ రొట్టెలు కాల్చే మనిషి అటు తిరిగి, చెక్కపారతో రొట్టెలు లోపలికి తోస్తున్నాడు.

బేకరీలో అతన్ని అందరూ ముద్దాయి అంటారు. నేరం చేశాడని కాదు. పొద్దస్తమానం పిండిముద్దలతో గడిపేవాణ్ణి ఇంకేమనాలని కాల్చేమనిషి ఎప్పుడో తగిలించిన పేరది. అతికినట్టు సరిపోయి, అలాగే ఉండిపోయింది. మనిషి పొట్టి. మెడ ఉందా లేదా అన్నట్టుంటుంది. ముంజేతులు మాత్రం మొద్దుల్లా ఉంటాయి. బొటనవేళ్ళు చెంచాల్లా వెనక్కి వంగిపోయాయి. ఆ వంపు సగం పిండి వల్ల వచ్చింది, సగం పెళ్ళాం కాళ్ళ వల్ల వచ్చింది.

ఆమెది నరాల మీది పూత ఊడిపోయే జబ్బు. కరెంటు తీగ మీద తొడుగు పోయినట్టే. కండరాలకు విశ్రాంతి తెలియదు. సాయంత్రానికి పిక్కలు రాయిలా గట్టిపడేవి, తొడలు మెలిపడేవి, మోకాళ్ళు మడత పడి ఇక చాపుకోనిచ్చేవి కావు. ఎన్ని మాత్రలు మింగినా ఫలితం అంతంతే. ఏళ్ళ తరబడి అతని చేతులే ఆమెకు మందు. బేకరీ నుంచి రాగానే మంచం చివర కూర్చుని, మడమ దగ్గర మొదలుపెట్టి పైదాకా పిసికేవాడు. కండ ఎక్కడ మొండికేస్తుందో, ఎక్కడ లొంగుతుందో అతని వేళ్ళకు తెలుసు. చివరికి ఆమె హమ్మయ్య అని నిట్టూర్చేది. ఆ నిట్టూర్పు కోసమే అతను రోజంతా బతికేవాడంటే అబద్ధం కాదు.

మొన్న చలికాలంలో డాక్టరు ఈ సీసా రాసింది. నోట్లో బుగ్గ లోపల కొట్టుకునే స్ప్రే. గంజాయి మొక్క నుంచి తీసిందని వినగానే ముద్దాయి అడ్డం తిరిగాడు. మందుల షాపావిడ ఓపిగ్గా చెప్పింది.

"వీధుల్లో పీల్చేది కాదు బాబాయ్ ఇది. కొలిచి తీసిన మందు. అసలు మన ఒంట్లోనే ఇలాంటి పదార్థం కాస్త తయారవుతూ ఉంటుంది. దాన్ని అందుకోవడానికి నరాల్లో చోట్లు కూడా ఉంటాయి. పిన్నిగారి నరాలేమో 'బిగుసుకో, బిగుసుకో' అని ఆపకుండా అరుస్తున్నాయి. ఇది వెళ్ళి ఆ చోట్లలో కూర్చుని, 'చాల్లే, కాస్త మెల్లగా' అంటుంది."

"జబ్బు పోతుందా?"

"పోదు. బిగువు తగ్గుతుంది, అదీ అందరికీ కాదు. నోరు ఎండిపోతుంది, తల తిరుగుతుంది. లేచేటప్పుడు గబుక్కున లేవకూడదు. మీరు పక్కనుండి చూసుకోండి."

మొదట్లో పెద్దగా తేడా లేదు. అతను లోలోపల సంతోషించాడు. మోతాదు కొంచెం కొంచెం పెంచాక ఒక సాయంత్రం బేకరీ నుంచి వచ్చి చూస్తే, ఆమె కాళ్ళు చాపుకుని నిద్రపోతోంది. అతని చేయి పడకుండానే. పెళ్ళి ఆగిపోయిందని తెలియక వచ్చిన చుట్టంలా, కడుక్కున్న చేతులతో గుమ్మంలో నిలబడిపోయాడు.

అప్పటినుంచి కుళ్ళు మొదలైంది. ఆమె చెల్లెలితో ఫోనులో "దీనికి దండం పెట్టాలే" అంటే అతనికి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళలో ఈ చేతులకు దండం పెట్టినవాళ్ళెవరు? ఆడవాళ్ళకైతే సవతి అనే మాటైనా ఉంది, నలుగురిలో అని ఏడవొచ్చు. మగవాడికి ఆ మాట కూడా లేదు. ఆమె చేతికర్రతో వీధి చివరిదాకా నడిచి వచ్చిన రోజు అతను అన్నం సరిగ్గా తినలేదు. చెల్లెలి ఊళ్ళో నీళ్ళలో వ్యాయామం చేయిస్తారట, కొన్నాళ్ళు వెళ్ళొస్తానని ఆమె అన్నప్పుడు "నీ ఇష్టం" అన్నాడు.

ఆ ప్రయాణం ఇవాళ సాయంత్రమే. పొద్దున్నే ఇంట్లో బల్ల మీది సీసాను జేబులో వేసుకుని పనికి వచ్చేశాడు. పొరపాటున అని తనకు తాను చెప్పుకున్నాడు.

"ఏంటి ముద్దాయీ, ఇవాళ పిండిని చంపేస్తున్నావ్?" అన్నాడు కాల్చేమనిషి.

"నీ పని నువ్వు చూసుకో."

ఫోను వస్తుందని చూశాడు. ఒక్కసారి పిలిస్తే చాలు, పరుగెత్తుకెళ్ళేవాడు. రాలేదు. మధ్యాహ్నానికి కోపం కాస్తా బెంగగా మారింది. ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించి ఇంటికి బయల్దేరాడు.

ఆమె నేల మీద ఉంది. అల్మారా సొరుగులన్నీ లాగి ఉన్నాయి. వెతుక్కుంటూ వెతుక్కుంటూ పడిపోయినట్టుంది. ఒక మోకాలు పొట్ట దగ్గరికి ముడుచుకుపోయింది. ఫోను గదికి అవతల ఛార్జింగులో ఉంది.

"వచ్చారా?" అంది పళ్ళ బిగువున.

అతను ఆమెను ఎత్తి మంచం మీద పడుకోబెట్టి, పాత చోటనే కూర్చున్నాడు. మడమ పట్టుకున్నాడు. పిక్క చెక్కలా ఉంది. బొటనవేళ్ళు లోపలికి దించి, ఆగి, మళ్ళీ దించాడు. కండ మొండికేసింది, వణికింది, తన్నింది. చాలాసేపటికి ఒకచోట కాస్త లొంగింది. ఆ లొంగుబాటు వేళ్ళకు తెలిసిన క్షణంలో, సిగ్గు లేకుండా, అతనికి పట్టరాని సంతోషం కలిగింది.

"చూశావా? ఎవరెన్ని చెప్పినా నా చేతులే నయం."

ఆమె అతని ముఖం వైపు చూడటం లేదు. మోకాలి మీదికి వంగిన అతని చొక్కా జేబు వైపు చూస్తోంది.

"జేబు బరువుగా వేలాడుతోందండీ. తీయండి."

తీసి ఇచ్చాడు. "పొరపాటున..."

"మీకు పొరపాట్లు రావు. పిండిలో ఉప్పు వెయ్యడం ఒక్కనాడైనా మర్చిపోయారా?"

ఆమె బుగ్గ లోపల స్ప్రే కొట్టుకుని కళ్ళు మూసుకుంది. పెదవులు తడుపుకుంది. నెమ్మదిగా అంది: "మీ చేతులు చేసిన మేలు కాదనను. వాటికి పని ఉండాలని నా కాళ్ళు కర్రలైపోవాలా?"

అతను మడమ వదిలి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "అదంటే నాకు కుళ్ళు" అన్నాడు.

"మందు సీసా అంటేనా?"

"నవ్వు. అది నిన్ను నిద్రపుచ్చుతుంటే గుమ్మంలో నిలబడి చూసినవాణ్ణి నేను."

ఆమె నవ్వలేదు. "నేను నిద్రపోయాను కదా, అది చాల్లేదా మీకు?" అంది.

చెల్లెలి కారు వచ్చేసరికి మోకాలు చాపుకుంది. లేచి కూర్చుని, తల తిరుగుడు తగ్గేదాకా మంచం పట్టె పట్టుకుని, అప్పుడు నిలబడింది. అతను చేయి అందించాడు. ఆమె చేతికర్ర అందుకుంది. చెల్లెలు సంచులు మోసుకెళ్ళింది. ఆమె అల్మారాలోంచి ఉన్నికోటు తీసి భుజాన వేసుకుంది.

"ఎండాకాలంలో కోటెందుకు?"

"అక్కడికీ చలికాలం వస్తుంది కదండీ."

"రమ్మంటే నేను..."

"నేను పిలిస్తే రండి." గడప దాటి ఆగింది. "వేళకి తినండి."

కారు మలుపు తిరిగేదాకా చూసి లోపలికొచ్చాడు. సొరుగులు ఒక్కొక్కటే మూశాడు. పక్క దులపబోయి, దుప్పటి అంచు పట్టుకుని అలాగే ఆగిపోయాడు. మంచం చివర, ఆమె కాళ్ళ కింద పెట్టిన దిండు మీద రెండు మడమల గుంతలు ఇంకా పైకి లేవకుండా అలాగే ఉన్నాయి.